మన పెరడు, మన పట్టు

పొదుపుగా బతకడం ఎలాగో ఈ మధ్య మనకి అందరూ పాఠాలు చెబుతున్నారు. ఆదివారం పేపర్లలో మిద్దెతోటల ఫోటోలు వస్తున్నాయి. ప్లాస్టిక్ తొట్టిలో నాలుగు టమాటాలు కాస్తే పక్కన నిలబడి ఫోటో దిగి, ఇదిగో స్వయంసమృద్ధి అంటున్నారు. అంబలి తాగడం, జొన్నరొట్టె తినడం, పాత చీరలతో బొంత కుట్టుకోవడం పట్నంలో ఇప్పుడు గొప్ప. మంచిదే, ఎవరి ఆనందం వాళ్లది. కానీ ఇవే పనులు మన అమ్మమ్మలు, నాయనమ్మలు చేసినప్పుడు దాన్ని ఎవరూ జీవనశైలి అనలేదు. దరిద్రం అన్నారు. వాడలోంచి వచ్చిన పిల్ల బడికి జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ తెచ్చుకుంటే పక్క పిల్లలు ముక్కు మూసుకున్నారు.

కాబట్టి మొదటే ఒక మాట చెప్పుకుందాం. పొదుపు అనే మాట మనకి కొత్తగా ఎవరూ నేర్పనక్కరలేదు. ఒక్క అగ్గిపుల్లతో రెండిళ్ల పొయ్యిలు వెలిగించిన జాతి మనది. మనకి కావాల్సింది పొదుపు పాఠం కాదు, భూమి. ఆ మాట మీద మేం ఎప్పటికీ నిలబడి ఉంటాం. 2011 జనాభా లెక్కల్లో దేశంలో షెడ్యూల్డు కులాలు 16.6 శాతం. 2015-16 వ్యవసాయ లెక్కల్లో సాగు భూమిలో మన చేతికింద ఉన్నది తొమ్మిది శాతం లోపే. ఈ లెక్క పెట్టుకుని, పెరట్లో రెండు బెండ మొక్కలు పెట్టుకోండి, మీ బాధలు తీరిపోతాయి అని చెప్పేవాడు మన మిత్రుడు కాడు.

మరి ఈ సంచికలో సంపాదకీయం పెరటి మీద ఎందుకు రాస్తున్నాం? అని కొందరు మిత్రులు అడిగారు. పోరాటాల పత్రికలో కూరపాదుల సంగతేమిటి అన్నారు. దానికి మా జవాబు ఇది.

ఊరికి ఎదురు తిరిగిన ప్రతిసారీ మన మీద మొదట పడే దెబ్బ కర్రతో పడదు. కూలి ఆపేస్తారు. కొట్టులో సరుకు ఇవ్వరు. పాలు పొయ్యరు. అప్పు వెంటనే కట్టమంటారు. చుండూరులో 1991 ఆగస్టు 6న మనవాళ్లని నరికి చంపడానికి ముందు కూడా కొన్ని వారాల పాటు సాంఘిక బహిష్కరణ నడిచింది. 2017లో పశ్చిమ గోదావరి జిల్లా గరగపర్రులో అంబేద్కర్ విగ్రహం పెట్టుకున్న పాపానికి దళితుల్ని వెలేశారు, పనుల్లోకి పిలవడం మానేశారు. ఆయుధం ఒక్కటే, ఊళ్లు మారుతున్నాయి. ఆ ఆయుధం పేరు ఆకలి. ఎన్ని రోజులు ఉంటార్లే, పిల్లలు ఏడిస్తే వాళ్లే కాళ్ల దగ్గరికి వస్తారు అన్నదే వాళ్ల లెక్క.

ఆ లెక్క తప్పించడం ఎలా? రేషన్ షాపులో బియ్యం వస్తాయి. కూర రాదు, పప్పు సరిపోదు, గుడ్డు రాదు. ఆ మిగతాది ఎవరి దగ్గర ఉంటే వాళ్ల చేతిలో మన మెడ ఉంటుంది. గడప వెనక కూర, చూరు కింద విత్తనం, కుండలో ఎండబెట్టిన సరుకు ఉన్న వాడ, లేని వాడకంటే పది రోజులు ఎక్కువ నిలబడుతుంది. ఒక్కోసారి ఆ పది రోజులే గెలుపోటముల మధ్య తేడా. మేం పెరటిని అలా చూస్తున్నాం.

ఇంకో అపోహ కూడా తీసేద్దాం. స్వయంపోషక గ్రామం అనే పాట మనకి చిన్నప్పట్నుంచీ వినిపిస్తున్నారు. ఊరు ఒకప్పుడు తన కాళ్ల మీద తాను నిలబడిందట. ఎవరి కాళ్ల మీద? మాదిగ చెప్పు కుట్టాడు, మోట తొండం కుట్టాడు, మాల నేత నేశాడు, కావలి కాశాడు, అందరూ వెట్టి చేశారు. ఊరు స్వయంపోషకంగా ఉందంటే మనకి కూలి ఇవ్వకుండా ఉంది గనక. అందుకే అంబేద్కర్ 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో గ్రామాన్ని మెచ్చుకునేవాళ్ల మొహం మీదే అది అజ్ఞానానికి, సంకుచితత్వానికి గుహ అన్న అర్థం వచ్చేలా చెప్పాడు. 1945లో కాంగ్రెస్, గాంధీ అంటరానివాళ్లకి చేసిందేమిటో రాసిన పుస్తకంలో కూడా పేదరికాన్ని పూజించే సిద్ధాంతాన్ని తూర్పారబట్టాడు. మనిషికి యంత్రమూ కావాలి, తీరికా కావాలి, అప్పుడే చదువూ సంస్కృతీ అన్నాడు. మేం ఆ దారిలోనే ఉన్నాం. తక్కువతో సరిపెట్టుకొమ్మని మేం ఎవరికీ చెప్పం. అడుక్కోకుండా ఉండే మేరకి మన చేతిలో ఏముందో అది గట్టిగా పట్టుకోమంటున్నాం.

ఇక పనిలోకి వద్దాం.

ముందు జాగా. 2020 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్ల పేరు మీద ఇచ్చిన ఇళ్ల పట్టాలు పల్లెల్లో సెంటున్నర, పట్నాల్లో సెంటు. సెంటంటే 48.4 చదరపు గజాలు. సెంటున్నర అంటే డెబ్బై రెండున్నర గజాలు. ఇల్లు, మరుగుదొడ్డి, స్నానాల దడి పోగా మిగిలేది నాలుగు మంచాల జాగా. 2024లో వచ్చిన ప్రభుత్వం పల్లెల్లో మూడు సెంట్లు, పట్నాల్లో రెండు సెంట్లు అని మాట ఇచ్చింది. ఆ మాట మన చేతికి పట్టాగా వచ్చేదాకా అడుగుతూనే ఉండాలి. ఈలోగా నాలుగు మంచాల జాగానైనా ఖాళీగా ఉంచొద్దు. మూల ఒక మునగ, నీళ్లు పోయేచోట ఒక అరటి, గోడవార ఒక కరివేపాకు, కప్పు మీదికి రెండు తీగపాదులు, మిగిలిన చోట మంచమంత మడులు రెండు. ఇంతే. అదీ లేనివాళ్లు సిమెంటు సంచులు, పగిలిన కుండలు, కారిపోయే బొక్కెనలు వాడుకోవచ్చు. అడుగున వేలు దూరేంత బెజ్జాలు నాలుగు ఉండాలి. లేకపోతే నీళ్లు నిలిచి వేరు కుళ్లుతుంది.

మునగ గురించి రెండు మాటలు. కొమ్మ నాటినా వస్తుంది, గింజ నాటినా వస్తుంది. చేతిలావు కొమ్మ మూడు నాలుగు అడుగులది నరికి వానాకాలం మొదట్లో పాతండి. మొక్క నడుమెత్తు పెరగ్గానే తల తుంచేయాలి. తుంచితే పక్క కొమ్మలు వేసి చేతికందే ఎత్తులో ఉంటుంది. తుంచకపోతే కప్పు దాటిపోయి ఒక్క గాలికి విరిగి మీ రేకుల మీదే పడుతుంది. కాయ కోసం ఎదురుచూడొద్దు, ఆకే అసలు పంట. వానల్లో గొంగళి పురుగు పట్టిన కొమ్మని గుడ్డ కట్టిన కర్రతో కాల్చడమో, కొమ్మే నరికేయడమో చేయాలి. ఇంటి గోడకి మరీ దగ్గరగా మాత్రం పెట్టొద్దు.

ఈ ఆకు సంగతి ఎందుకింత నొక్కి చెబుతున్నామంటే ఒక లెక్క చూడండి. 2019-21లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. నూటికి సగం మందికి పైగా నీరసంతో నాట్లేస్తున్నారు, నీరసంతోనే పిల్లల్ని కంటున్నారు. మునగాకు, తోటకూర, గోంగూర వారానికి నాలుగు రోజులైనా కంచంలో ఉండాలి. ఆకుకూర తిన్నప్పుడు నిమ్మకాయ పిండుకుంటే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే పట్టదు. గంట ఆగి తాగండి. ఇది మందుల షాపు పని కాదు, పెరటి పని. అయితే బాగా నీరసంగా ఉన్నవాళ్లూ, గర్భిణులూ ఆసుపత్రిలో ఇచ్చే ఇనుము మాత్రలు మానకూడదు. ఆకుకూర మాత్రకి తోడు, దాని బదులు కాదు.

తర్వాత నీళ్లు. మన పోరాటమే నీళ్ల దగ్గర మొదలైంది. 1927 మార్చి 20న మహద్ చెరువులో దోసిలి ముంచడంతో ఒక చరిత్ర మొదలైంది. 1985 జూలై 17 కారంచేడు దాడికి దారి తీసిన గొడవ కూడా తాగే నీళ్ల చెరువు దగ్గరే. ఇవాళ్టికీ చాలా ఊళ్లలో కుళాయి లైను ఊరంతా తిరిగి చివర్న మన వాడకి వస్తుంది, వచ్చేసరికి సన్నగిల్లుతుంది. కాబట్టి తాగే నీళ్లతో తోట పెంచమని మేం చెప్పం. ఒంటి మీద పోసుకున్న నీళ్లు, అంట్ల నీళ్లు, బియ్యం కడిగిన నీళ్లు వీధిలోకి వదలొద్దు. స్నానాల రాయి కింద నుంచి చిన్న కాలవ తీసి, మోకాటి లోతు గుంటలో గులకరాళ్లు, ఇసక పోసి, దాని పక్కన అరటి, చేమ పెట్టండి. ఆ రెండూ ఎంత నీళ్లయినా తాగుతాయి, దోమలూ తగ్గుతాయి. బియ్యం కడుగు, పప్పు కడుగు ఆకుకూరలకి. బట్టల పొడి నీళ్లు మాత్రం ఆకుకూర మళ్లలో పొయ్యకండి.

ఎండాకాలానికి ఒక పాత ఉపాయం ఉంది. చెమ్మ వదిలే పాత మట్టికుండని మెడ దాకా నేలలో పాతి, చుట్టూ నాలుగు సొర గింజలో, బీర గింజలో పెట్టండి. కుండ నింపి మూత పెట్టండి. నీళ్లు సన్నగా ఊరుతూ వేళ్లకే అందుతాయి. మూడు నాలుగు రోజులకోసారి నింపితే చాలు. పైన పోసిన నీళ్లని ఎండ తాగేస్తుంది, లోపల ఊరిన నీళ్లని మొక్క తాగుతుంది. పాదుల చుట్టూ ఎండుటాకులు, చెత్త కప్పి ఉంచితే ఇంకా తేమ ఆగుతుంది.

ఎరువు సంగతి. మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల లోతు గుంట తియ్యండి. ఊడ్చిన చెత్త, పొయ్యి బూడిద, మేక పెంటికలు, కోళ్ల పెంట, కూర తొక్కలు అన్నీ అందులోకే. మధ్య మధ్య పిడికెడు మట్టి, చెంబెడు నీళ్లు. నిండాక మట్టితో మెత్తి మూడు నెలలు వదిలేయండి. పచ్చి పెంట నేరుగా పాదులో వేస్తే వేడికి మొక్క మాడుతుంది, ఇది చాలామంది చేసే తప్పు. మా ఆఫీసు వెనక చిన్న జాగాలో మొదటి ఏడు మేమూ అదే చేశాం. ఎంతో గర్వంగా నాటిన వంగ మొక్కలు పదిహేను రోజుల్లో పోయాయి.

జీవామృతం గురించి అధికారులు మీటింగుల్లో చెబుతున్నారు. పెరటి లెక్కకి ఇరవై లీటర్ల నీళ్లలో కిలో పేడ, లీటరు మూత్రం, రెండు వందల గ్రాముల బెల్లం, రెండు వందల గ్రాముల పప్పుల పిండి, పిడికెడు పుట్టమన్నో, గట్టుమన్నో కలిపి నీడలో రెండు రోజులు ఉంచి వాడొచ్చు. పని చేస్తుంది, కాదనం. కానీ ఆవు ఎవరి కొట్టంలో ఉంది? పిల్లలకి బెల్లం ముక్క లేని ఇంట్లో మొక్కకి బెల్లం పెట్టమనడం ఏం న్యాయం? ఆ బెల్లం, ఆ పిండి పిల్లల చేతిలో పెట్టండి. మేక పెంటికలు గోనె గుడ్డలో మూటకట్టి మూడు రోజులు నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లకి ఇంకా అయిదారు వంతుల నీళ్లు కలిపి పాదులకి పొయ్యండి. దానికి దొర కొట్టం దాకా పోనక్కరలేదు.

ఏది ఎప్పుడు? మృగశిర కార్తె చినుకులకి చిక్కుడు, బీర, సొర, కాకర గింజలు పెట్టుకోవాలి. చిక్కుడు తొందరపడి కాయదు, చలి మొదలైతేనే కాస్తుంది. కాయలేదని పీకేయొద్దు. దొండ తీగ ముక్క నాటితే చాలు, ఏళ్ల తరబడి ఉంటుంది. తీగబచ్చలి కూడా అంతే. తోటకూర నెల లోపు, మెంతికూర ఇరవై రోజుల చిల్లరకి, గోంగూర నెల దాటాక కోతకొస్తాయి. మడి అంతా ఒకేసారి చల్లితే ఒకేసారి ముదురుతుంది. మడిని మూడు ముక్కలు చేసి పదేసి రోజుల తేడాతో చల్లండి. తోటకూర గింజ సన్నం, దానికి నాలుగింతల ఇసక కలిపి చల్లితే ఒత్తుగా పడదు. గోంగూరని వేరుతో పీకొద్దు, పైన తుంచితే మళ్లీ చిగురేస్తుంది. రేకుల మీదికి సొర పాకించేవాళ్లు రేకు మీద తాటాకులో గడ్డో పరవండి. లేకపోతే ఎండకి రేకు కాలి పిందె మాడుతుంది.

పురుగు పడితే మందుల షాపుకి పరిగెత్తొద్దు. దొరల మిరపతోటల్లో, పత్తి చేలల్లో ఆ మందు వీపున మోసి కొట్టినవాళ్లం మనమే. దాని వాసన మనకి తెలుసు. పేనుబంకకి పొద్దున్నే మంచు తడి ఉండగా పొయ్యి బూడిద జల్లించి చల్లండి. మిగతా పురుగులకి వేపగింజల పప్పు యాభై గ్రాములు దంచి లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టి, గుడ్డలో వడగట్టి, కాస్త సబ్బు నురగ కలిపి సాయంత్రం పూట చల్లాలి. వేపగింజలు ఎండాకాలం చివర్న చెట్టు కిందే దొరుకుతాయి. ఏరి నీడలో ఆరబెట్టి ఉంచుకోండి. కాకర, బీర పిందెల్ని ఈగ కుడితే వంకర పోతాయి. పిందెకి కాగితం సంచి కట్టండి. పుచ్చిన కాయని పాదు కింద పారేయకుండా లోతుగా పాతేయండి.

అన్నిటికంటే ముఖ్యమైనది విత్తనం. విత్తనం కొనుక్కునేవాడు ప్రతి ఏడూ మళ్లీ మొదటికొస్తాడు. హైబ్రిడ్ గింజ నుంచి తీసిన విత్తనం తల్లిలాగా రాదు. అందుకే నాటు గింజ వెతకండి, ముసలమ్మల్ని అడగండి. బలంగా ఉన్న పాదుకి మొదట్లో కాసిన మంచి కాయ ఒకదాన్ని గుర్తు కట్టి విత్తనానికి వదలండి. అన్నీ తినేసి చివర్న మిగిలిన గిడసబారిన కాయని విత్తనానికి ఉంచడం మనవాళ్ల అలవాటు, అది మానాలి. సొరకాయ, బీరకాయ పాదు మీదే ఎండి, ఊపితే గింజ గలగలలాడాలి. వంకాయ పచ్చగా పండాలి. టమాటా గుజ్జుని రెండు రోజులు పులియబెట్టి కడిగితే గింజ శుభ్రపడుతుంది. నీడలో ఆరబెట్టి, బూడిద, ఎండిన వేపాకు కలిపి, కుండలో పోసి మూతి మెత్తండి. సొరకాయ విషయంలో ఒక జాగ్రత్త. కోసేటప్పుడు చిన్న ముక్క నాలిక మీద పెట్టి చూడండి. చేదుగా ఉంటే ఉమ్మేసి కాయ మొత్తం పారేయండి. అది విషం, వండినా పోదు. ఆ పాదు విత్తనం కూడా ఉంచొద్దు.

విత్తనం గురించి మాట్లాడేటప్పుడు జహీరాబాద్ అక్కల్ని తల్చుకోకుండా ఉండలేం. 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో చేరిన దళిత ఆడవాళ్లు, ఎవరికీ అక్కరలేని ఎర్రగరప నేలల్ని సాగులోకి తెచ్చారు. జొన్న, కొర్ర, సామ, కంది, అనుములు ఒకే చేలో కలిపి వేశారు. విత్తనాన్ని అమ్మలేదు. ఒకరికి ఇస్తే పంట వచ్చాక కొంచెం కలిపి తిరిగి కొలిచారు. 2008 నుంచి సొంత రేడియో నడుపుతున్నారు. 2019లో వాళ్లకి ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. బడి మొహం చూడని ఆడవాళ్లు ఎవరూ నాటకుండా మొలిచే కూరల పేర్లు వరసగా చెబుతారు: తుమ్మికూర, జొన్నచెంచలి, దొగ్గలికూర, గునుగు, గంగవాయిలి. యూనివర్సిటీ వాళ్లు కలుపు అన్నదాన్ని వాళ్లు కూర అన్నారు. కలుపు మందు కొట్టిన చేలల్లో మాత్రం ఈ కూరలు కోయొద్దు. గట్టున అడిగి, చూసి కోయండి.

కోళ్ల గురించి కొంచెం. నాలుగు పెట్టలు, ఒక పుంజు ఉంటే పిల్లల కంచంలో గుడ్డు ఉంటుంది. కొక్కెర తెగులు వస్తే వాడంతా ఒకే వారంలో ఖాళీ అవుతుంది. దానికి టీకా పశువుల ఆసుపత్రిలో ఉంటుంది. ఒక్కో ఇంటివాళ్లు పోతే రేపు రమ్మంటారు. వాడంతా కలిసి కోళ్ల గంపలతో పోతే ఇవాళే వేస్తారు. కోళ్లూ మేకలూ మడిని తినకుండా సర్కారు తుమ్మ కంప అడ్డం పెట్టండి.

దాచుకోవడం కూడా పంటలో భాగమే. టమాటా ధర పడిపోయి రైతు రోడ్డు మీద పారబోసే రోజులు ప్రతి ఏడూ వస్తాయి. ఆ వారం కొని ముక్కలు కోసి ఉప్పు రాసి ఎండబెట్టండి. వంకాయ, కాకర, గోరుచిక్కుడు ఒరుగులు, గోంగూర నిలవ పచ్చడి, ఎండు చేపలు, ఎండు రొయ్యలు ఇవన్నీ మన అమ్మలకి తెలిసిన విద్యలే. మాంసం పలచగా చీరి ఉప్పు, పసుపు రాసి దండెం మీద ఆరేసిన తునకలు మన వాడల్ని ఎన్ని కరువుల్లో కాపాడాయో మనకి తెలుసు. దండేనికి తునకలు కనబడతాయని తలుపులు మూసుకున్న రోజులు పోవాలి. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. పప్పులు, అలసందలు రాత్రి నానబెట్టి వండితే పొయ్యి దగ్గర సగం సేపు తగ్గుతుంది. ఉడుకు పట్టిన కుండని దించి, గడ్డి ఒత్తుగా కూరిన గంపలో పెట్టి పైన గోనె కప్పితే మిగతా ఉడుకు దానంతటదే అవుతుంది.

డబ్బు సంగతి ఒక్క మాటలో. నెల రోజులు ఇంటి ఖర్చు ఒక నోటుబుక్కులో రాయండి. వడ్డీ ఎంత, మందు ఎంత, కూర ఎంత. చదివే పిల్లలున్న ఇల్లయితే వాళ్ల చేత రాయించండి. నెల చివర్న గట్టిగా చదివించండి. మగవాళ్లు కూడా కూర్చుని వినాలి. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన ఉద్యమం 1993 అక్టోబర్ 1న సారాని ఆపించింది. ఆ తర్వాత ప్రభుత్వాలే మందు అమ్మి ఖజానా నింపుకుంటున్నాయి. పెరట్లో మిగిలిన ఇరవై రూపాయలు సాయంత్రం మందు దుకాణంలో పోతే ఈ సంపాదకీయం దండగ.

ఇంకో పాత అలవాటు గుర్తు చేస్తాం. మన చర్చిల్లో ఆడవాళ్లు అన్నం వండబోయే ముందు పిడికెడు బియ్యం తీసి దేవుడి పేరు మీద పక్కన పెడతారు. అలాంటిదే ఇంకో పిడికెడు వాడ పేరు మీద పెడితే? పది ఇళ్లకి ఒక కుండ. అందులో బియ్యం, ఇంకో కుండలో విత్తనాలు. పెట్టినవాళ్ల పేర్లు, తీసినవాళ్ల పేర్లు పుస్తకంలో. కాన్పుకో, జబ్బుకో, పనులు ఆపిన రోజుకో తీయాలి. మాల వాడ కుండ, మాదిగ వాడ కుండ వేరువేరుగా ఉండకూడదని మా కోరిక. వేరుగా మొదలైనా కష్టం వచ్చిన రోజు కలవాలి.

మగవాళ్లకి ఒక మాట. ఇది చదివి, బాగుంది, మా ఆవిడ చేత చేయిస్తా అనుకుంటే మేం ఒప్పుకోం. పొద్దున్నే లేచి వంట, తర్వాత కూలి, వచ్చాక మళ్లీ వంట చేసే మనిషి నెత్తిన ఇంకో బిందె పెట్టడానికి ఇది రాయలేదు. గుంట తవ్వడం, కంప కొట్టడం, నీళ్లు మోయడం మగవాళ్ల పని. అక్కలారా, నీళ్లు మోయనివాడికి గోంగూర పచ్చడి వెయ్యకండి.

చివరికి మళ్లీ మొదటి మాటకే వస్తున్నాం. పెరడు కూర ఇస్తుంది, కూలి ఇవ్వదు. పిల్లల ఫీజు కట్టదు. భూమి అడగడం మానేయడానికి అది సాకు కాకూడదు. 2014 ఆగస్టు 15న తెలంగాణలో దళిత కుటుంబాలకి మూడెకరాలు అని మొదలుపెట్టిన పథకం కొద్ది వేల కుటుంబాల దగ్గరే ఆగిపోయింది. ఆ లెక్క అడగాలి. ఇంటి జాగా అంటే ఇల్లూ పెరడూ కలిపి కనీసం అయిదు సెంట్లు ఉండాలని అడగాలి. పట్టా లేని పోరంబోకులో తరాలుగా ఉన్న ఇళ్లకి ఆడవాళ్ల పేరు మీద పట్టాలు అడగాలి. కుళాయి మన వాడలో మొదట తిరగాలని అడగాలి. 2015లో సవరించి 2016 జనవరి 26 నుంచి అమల్లోకి తెచ్చిన అట్రాసిటీ చట్టంలో సాంఘిక, ఆర్థిక బహిష్కరణ కూడా నేరమే. కూలి ఆపినా, కొట్టు మూసినా కేసు పెట్టొచ్చు. ఈ సంగతి వాడలో ప్రతి ఇంటికీ తెలియాలి.

కేసు నడవడానికి నెలలు పడుతుంది. ఆ నెలలు మనం తినాలి, నిలబడాలి. ఈసారి మృగశిర చినుకు పడే వేళకి మీ వాడలో ఎన్ని గుంటలు తవ్వారో, ఎన్ని రకాల నాటు విత్తనాలు దొరికాయో మాకు కార్డు ముక్క రాయండి. ఏ ఊళ్లో ఏ గింజ ఉందో వచ్చే సంచికల్లో వేస్తాం. లేని ఊరివాళ్లు ఉన్న ఊరివాళ్లని అడిగి తెచ్చుకోవచ్చు. మనవాళ్ల దగ్గర అడగడం సిగ్గు కాదు.

జై భీం.